ఎవరూ చూడకూడని టోకెన్

కాకినాడలో కోటిలింగం నడిపే సాఫ్ట్‌వేర్ ఆఫీసులో ఉండేది ముగ్గురే. ముగ్గురూ మహా తెలివైనవాళ్ళు. ఈ సంగతి వాళ్ళే చెప్పారు. కోటిలింగం యజమాని, అతని భార్య రత్నమాణిక్యం, బామ్మర్ది గవర్రాజు కోడ్ రాసేవాళ్ళు. చెప్పింది చెప్పినట్టు చేయడంలో తమని మించినవాళ్ళు లేరని కోటిలింగం రోజూ కాఫీ తాగుతూ మురిసిపోయేవాడు.

ఆ ఆఫీసుకున్న ఒకే ఒక్క పని, ఎవరు ఎన్ని పాలు పోశారో లెక్క రాసే పాల సంఘం వాళ్ళ యాప్. సంఘం తరఫున పని చూసే హైమవతి మేడం ఓ రోజు ఫోన్ చేసింది. ఇకనుంచి కోడ్ పంపిన ప్రతిసారీ ఒక తనిఖీ ప్రోగ్రాము దానంతటదే తప్పులు వెదకాలట. అది కోడ్ దాచిన చోటికి వెళ్ళాలంటే టోకెన్ కావాలి, అంటే పొడుగాటి రహస్య అక్షరాల వరస. అది తెర మీద ఒక్కసారే కనిపిస్తుందనీ, ఎవ్వరూ చూడకూడదనీ, ఎవరైనా అడిగితే వెంటనే రద్దు చేసి కొత్తది తియ్యాలనీ మరీ మరీ చెప్పింది. శుక్రవారం సాయంత్రానికి తనిఖీలో ఒక్క తప్పు కనిపించినా పని వేరేవాళ్ళకి ఇచ్చేస్తామంది. ఆ పని పోతే ఆఫీసుకి తాళమే.

ఇంకేముంది, శుక్రవారం పొద్దున్నే ముగ్గురూ కంప్యూటర్ ముందు చేరారు. టోకెన్ తీసే బటన్ నొక్కేముందు అందర్నీ కళ్ళు మూసుకోమన్నాడు కోటిలింగం. తనూ మూసుకున్నాడు. టోకెన్ ఒక్కసారి కనిపించింది, పోయింది. ఎవ్వరూ చూడలేదు. ఒకరి వీపు ఒకరు తట్టుకున్నారు. తనిఖీ ప్రోగ్రాము మాత్రం గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

"మనలో ఎవరో ఒకరు చూడాలేమో బావా" అని గవర్రాజు అనుమానపడ్డాడు.

ఒక్కరే మొత్తం చూస్తే కదా తప్పు, తలా ఓ ముక్క చూద్దాం అంది రత్నమాణిక్యం. ఆహా, ఏం బుర్ర! మళ్ళీ కొత్త టోకెన్ తీసి, తెరకి కేలండరు అడ్డం పెట్టుకుని ముగ్గురూ మూడు ముక్కలు బట్టీపట్టారు. ఒకరు టైపు చేస్తుంటే మిగతా ఇద్దరూ గోడకేసి తిరిగి నిలబడ్డారు. ఎవరి ముక్క ముందో ఎవరిది వెనకో చెప్పుకుంటే రహస్యం బయటపడదూ? అంతే, వరస మార్చి మార్చి కొడితే ఆరోసారికి కుదిరింది.

తనిఖీ ప్రోగ్రాము లోపలికెళ్ళి నాలుగువందల పన్నెండు తప్పులు పట్టుకుంది. తప్పున్న లైను ఒక్కటీ మిగలకూడదని మేడం మెసేజ్ పెట్టింది. మిగలనిస్తారా? అన్నీ పీకేశారు. అవి పోయేసరికి వాటిని నమ్ముకున్న లైన్లు తప్పులయ్యాయి. వాటినీ పీకేశారు. మూడింటికల్లా యాప్ మొత్తం పోయి తప్పులు సున్నా అయ్యాయి. తెర మీద పచ్చటి టిక్కు చూసి కోటిలింగం కళ్ళు చెమర్చాయి. ఆఫీసు నిలబడిందనుకున్నాడు పాపం.

మూడున్నరకి మేడం ఫోన్. యాప్ తెరుచుకోవడం లేదట, ఐదింటికి ఊరూరా పాలు పోసేవాళ్ళు వస్తారట.

"పాత కోడ్ సర్వర్‌లో ఇంకా ఉంది, కంగారుపడకండి. ఆ టోకెన్ నాకు చెప్పండి, నేనే వెనక్కి తెస్తాను. మీ పనీ ఎక్కడికీ పోదు" అంది.

కోటిలింగం భార్య వైపు చూసి కన్ను కొట్టాడు. మేడం పరీక్ష పెడుతోంది. ఇంత చిన్నదానికి దొరికిపోయే మనిషా తను? టక్కున బటన్ నొక్కాడు.

"మీరు అడిగారు కదండీ, రద్దు చేసేశాను. ఇప్పుడు కొత్తది తీస్తున్నాం, మీరు కూడా ఒక్క క్షణం కళ్ళు మూసుకోండి."