ఉంది అన్న దాలయ్య

ఏటికి ఇంకా పేరు పెట్టని రోజుల్లో, కొండమీదికి మేకలదారి తప్ప వేరే దారి లేని రోజుల్లో ఒక ఊరుండేది. ఆ ఊళ్ళో సోమయాచారి అనే వైద్యుడుండేవాడు. ఆయనకి ముగ్గురు శిష్యులు. ఒకడు మేనల్లుడు శరభయ్య. ఒకడు కరణంగారబ్బాయి. మూడోవాడు మేకలు కాసే ఇంటినుంచి వచ్చిన దాలయ్య.

వైద్యుడవడం అంటే మాటలా? ముందు మూలికలు నూరాలి. తర్వాత కషాయం కాచాలి. ఆ తర్వాతే నాడి పట్టాలి. "నూరిన చెయ్యి, కాచిన చెయ్యి, పట్టిన చెయ్యి, మూడూ ఒక్క చెయ్యి అయితేనేరా వైద్యుడు" అనేవాడు ఆచారి.

దాలయ్య నూరాడు. కాచాడు. వాడి మనసు మాత్రం పట్టడం మీదే ఉండేది. ఆచారి రోగి మణికట్టు మీద మూడు వేళ్ళు ఆనించి కళ్ళు మూసుకునేవాడు. ఇల్లంతా ఊపిరి బిగబట్టేది. అప్పుడాయన ఒక్క మాట అనేవాడు.

"ఉంది."

అంతే. ఏడ్చేవాళ్ళు కళ్ళు తుడుచుకునేవాళ్ళు. ఆరిన పొయ్యి మళ్ళీ రాజుకునేది. ఎండిన ఏట్లోకి కొత్తనీళ్ళు వచ్చినట్టుండేది దాలయ్యకి. ఆ మాట తన నోట ఒక్కసారి పలికితే చాలు, జన్మ ధన్యమే అనుకునేవాడు.

ఆచారిలా తలపాగా చుట్టడం నేర్చాడు. ఆచారిలా గొంతు సవరించుకోవడం నేర్చాడు. ఆచారిలా కళ్ళు మూసుకోవడం నేర్చాడు. పొద్దున్నే మేకల వెనక నడుస్తూ గాలికి చెప్పేవాడు, "ఉంది. ఉంది. ఉంది."

శరభయ్య నవ్వేవాడు. "ఏరా దాలిగా, మేకకేం ఉందిరా?"

"బుద్ధి ఉంది. నీకంటే ఎక్కువే ఉంది."

ఒక వానాకాలం ఊరిమీద జ్వరం పడింది. ఆచారి ఏటి అవతలకి వెళ్ళాడు. తక్కిన శిష్యులిద్దరూ చెరో వీధికి వెళ్ళారు. వైద్యశాలలో దాలయ్య ఒక్కడే కషాయం కాస్తున్నాడు. అప్పుడు కొండమీంచి పారమ్మ పరుగెత్తుకొచ్చింది. బుట్టలల్లుకుని బతికే మనిషి. మొగుడు లేడు. ఒక్కతే కూతురు.

"ఆచారి బాబు లేరా?"

"లేరమ్మా."

"మరి నువ్వెవరివి?"

ఆ మాట వాణ్ణి అంతకుముందు ఎవరూ అడగలేదు. దాలయ్య తలపాగా సర్దుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు.

"వైద్యుణ్ణి" అన్నాడు.

"అయితే రా నాయినా! నా పిల్ల కళ్ళు తెరవట్లేదు."

ఇద్దరూ పరుగెత్తారు. కొండ నిలువుగా ఉంది, వాన కొడుతోంది. దాలయ్య గుండె డప్పులా మోగుతోంది. గుడిసెలో పిల్ల మంచం మీద పడుంది. వాడు రొప్పుతూనే మణికట్టు మీద మూడు వేళ్ళు గట్టిగా అదిమాడు. కళ్ళు మూసుకున్నాడు. వేళ్ళ కింద టక్కు, టక్కు, టక్కు.

"ఉంది!" అన్నాడు.

పారమ్మ వాడి కాళ్ళమీద పడింది. లేచి పొయ్యి రాజేసింది.

పక్కింటి ముసలమ్మ వచ్చి పిల్ల పాదాలు తాకింది. "చల్లగా ఉన్నాయి కదరా బాబూ?"

దాలయ్య మళ్ళీ పట్టాడు. "ఉంది. జ్వరం దిగింది, అందుకే చల్లబడింది."

పారమ్మ గంజి కాచింది. పిల్ల నోట్లో పోస్తే పక్కకి కారిపోయింది. "మింగట్లేదే?"

దాలయ్య భయంతో మళ్ళీ పట్టాడు. టక్కు, టక్కు, టక్కు. "ఉందమ్మా. నీరసం, అంతే."

పారమ్మ పిల్లని ఒళ్ళో పెట్టుకుంది. రేపు తలంటుతానంది, ఎర్ర గాజులు కొంటానంది. పాట కూడా పాడింది.

పొద్దు వాలుతుండగా ఆచారి వచ్చాడు. పిల్ల చెయ్యి పట్టాడు. కళ్ళు మూసుకోలేదు. దాలయ్య చేతిని తీసుకుని మంచంకోడు మీద పెట్టాడు.

"పట్టు. ఏముంది?"

దాలయ్య పట్టాడు. ఎండిన కర్ర. వేళ్ళ కింద టక్కు, టక్కు, టక్కు.

"ఉంది..." అన్నాడు.

"మంచానికి ప్రాణం ఉందా నాయనా?"

దాలయ్యకి అప్పుడర్థమైంది. అది వాడి నాడే. పొద్దుణ్ణించీ వాడు విన్నది వాడి గుండెనే.

"నువ్వు రాకముందే పోయిందిరా ఈ పిల్ల" అన్నాడు ఆచారి. "నూరడం నేర్పాను. కాచడం నేర్పాను. ఇది నేర్పకముందే వచ్చేశావు."

పారమ్మ ఏడవలేదు. "నాకున్నది ఒక్క పిల్ల బాబూ," అంది. "రెండుసార్లు పోయింది."

ఆ తర్వాత దాలయ్య తలపాగా చుట్టలేదు. ఎవరి చెయ్యీ పట్టలేదు. రాయిని పట్టేవాడు, స్తంభాన్ని పట్టేవాడు, కర్రని పట్టేవాడు. అన్నిట్లోనూ ఉండేది. పారమ్మ గుమ్మానికి వెళ్ళాడు. మొదటిసారి తలుపేసుకుంది. రెండోసారి కుండెడు నీళ్ళు కుమ్మరించింది. మూడోసారి తన చెయ్యి చాపింది. "ఏదీ, నేనున్నానో లేదో చూడు."

వాడు చూడలేకపోయాడు. తిరిగొచ్చి పడుకున్నాడు. ఆ జ్వరమే వాణ్ణీ పట్టింది.

శరభయ్య చూడ్డానికొచ్చాడు. ఆ వేళ నవ్వలేదు. చెయ్యి పట్టబోతే దాలయ్య వెనక్కి లాక్కున్నాడు.

"ముందు కోడు పట్టుకోరా."

శరభయ్య మంచంకోడు పట్టుకున్నాడు. తన నాడి తనకి తగిలింది. అది నెమ్మదించేదాకా కూర్చున్నాడు. "ఇది నాది" అన్నాడు. అప్పుడు దాలయ్య మణికట్టు మీద వేళ్ళు తేలిగ్గా ఆనించాడు. "ఇది నీది. సన్నగా ఉంది."

"నేనూ ఇలా చూసుంటే..."

"చూసినా ఆ పిల్ల దక్కేది కాదురా."

"తెలుసు. ఒక్కసారే పోయేది."

పొద్దెక్కేసరికి శరభయ్య వేళ్ళ కింద ఏమీ లేదు. మళ్ళీ కోడు పట్టి చూసుకున్నాడు. మళ్ళీ మణికట్టు పట్టి చూశాడు. "లేదు" అన్నాడు.

అప్పటినుంచీ ఆ కొండకింది ఊళ్ళలో కొత్త శిష్యుడికి మనిషి చెయ్యి ఇవ్వరు. మంచంకోడు ఇస్తారు. "ఇది నాది" అని వాడంతట వాడు అనేదాకా అదే చదువు. ఎంత పేరున్న వైద్యుడైనా రోగి దగ్గర కూర్చుని ముందు కోడు పట్టుకుంటాడు. ఇంట్లోవాళ్ళు గాభరాపడి తొందరపెడితే పెద్దవాళ్ళు అడ్డుకుంటారు. "ఆగండర్రా, దాలయ్యని వెళ్ళనివ్వండి" అంటారు.

వైద్యుడి సొంత నాడికి అలా వాడి పేరు మిగిలింది. పిల్ల పేరేమిటని మాత్రం అడక్కండి. ఆ పేరు పెట్టి పిలిచేది పారమ్మ ఒక్కతే. పారమ్మ కూడా పోయింది.