చాప కింద ఉంగరం

అనగా అనగా, మనుషుల మాటకన్నా తూకం రాళ్ళ మాటకే విలువెక్కువగా ఉన్న రోజుల్లో, పైడిపురమనే పట్టణం ఉండేది. ఆ పట్టణంలో మౌనాచారి అనే కంసాలి ఉండేవాడు. మౌనమంతా పేరులోనే. అనుమానం వచ్చిందంటే ఆయన నోటికి తాళం వేయగలవాళ్ళు ఊళ్ళో లేరు.

ఆయన నగలు చేసేవాడు కాదు. ఎవరైనా బంగారం తెస్తే గీటురాయి మీద గీసి, ఆ గీటు రంగు చూసి, ఇది మేలిమి, ఇది కల్తీ అని చెప్పేవాడు. రాజుగారి ఖజానాకు చేరే ప్రతి నగా ముందు ఆయన రాయిని దాటి పోవలసిందే. పొద్దస్తమానం మోసాన్ని వెతికి వెతికి, ఆయన కంటికి లోకమంతా ఇత్తడిలాగే కనిపించేది. పాలవాడు పాలు పోస్తే వేలు ముంచి చూసేవాడు. చుట్టం నవ్వితే ఎందుకు నవ్వాడా అని ఆలోచనలో పడేవాడు. పెళ్ళిసంబంధాలు వస్తే ప్రతి పిల్లకూ ఏదో ఒక వంక పెట్టాడు. అలా వంకలు పెడుతూ ఉండగానే జుట్టు నెరిసింది. అనుమానం పెనుభూతమని ఊరికే అన్నారా!

లోకంలో ఆయన నమ్మింది ఒక్క మనిషినే. తల్లి పేరిందేవమ్మను.

ఆ పేరిందేవమ్మకు మతిమరుపు వచ్చింది. మొదట పులుసులో ఉప్పు రెండుసార్లు వేసింది. తర్వాత వీధిలోకి వెళ్ళి ఇంటి దారి మరిచింది. చివరికి ఒకనాడు కొడుకు అన్నం కలిపి తెస్తే, ఎగాదిగా చూసి వెనక్కి జరిగింది.

"ఎవరు నువ్వు? నా కొడుకు పసివాడు. వాడి మొహం తగిలించుకుని వచ్చావా? వాణ్ణి ఎక్కడ దాచావు?" అంది.

ఆచారి నిర్ఘాంతపోయాడు. మోచేతి మీది పుట్టుమచ్చ చూపించాడు. "కాల్చి పెట్టించుకున్నావు" అంది. తండ్రి చేసిచ్చిన వేలి ఉంగరం చూపించాడు. "దొంగిలించావు" అంది. పక్కింటి వాళ్ళను పిలిచి సాక్ష్యం చెప్పించాడు. "వీళ్ళకెంత ముట్టజెప్పావు?" అంది.

వినడానికి అవి ఆచారి మాటల్లాగే ఉన్నాయి. రోజూ బంగారం తెచ్చేవాళ్ళను ఆయన అడిగేది అలాగే మరి.

ఆనాటి నుంచి ఆమె కొడుకు చేతి ముద్ద ముట్టలేదు. విషం కలిపాడని ఆమె భయం. రోజురోజుకీ చిక్కి సగమైంది. ఇలాగే ఉంటే తల్లి దక్కదని ఆచారికి గుండె జారిపోయింది. తప్పనిసరై, తాను ఖజానాకు వెళ్ళినప్పుడు తల్లిని కనిపెట్టుకుని ఉండడానికి ఒక మనిషిని పెట్టుకుందామనుకున్నాడు.

కానీ ఎవరిని నమ్మడం? ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారే! అందుకని ఒక ఉపాయం పన్నాడు. తల్లి పడుకునే చాప కింద, అంచు కొంచెం కనబడేలా, ఒక బంగారపు ఉంగరం పెట్టాడు.

మొదట ఒక బలమైన మనిషి వచ్చింది. సాయంత్రం కాగానే ఉంగరం తెచ్చి ఆచారి చేతిలో పెట్టింది. "నిప్పులాంటి మనిషి!" అని ఆచారి మురిసిపోయాడు. ఆయన కళ్ళు ఉంగరం మీద ఉన్నాయి గాని తల్లి చేతుల మీద లేవు. కొన్నాళ్ళకు గాని తెలియలేదు, ఆవిడ పేరిందేవమ్మను స్తంభానికి కట్టేసి పోతోందని. ముసలి మణికట్లు ఎర్రగా కమిలి ఉన్నాయి.

తర్వాత తేనెలొలికే మాటల మనిషి వచ్చింది. ఆమె కూడా ఉంగరం తెచ్చి ఇచ్చింది. పేరిందేవమ్మ గొడవ చేయడం మానేసింది. మాట్లాడటమూ మానేసింది. ఆ తియ్యటి మనిషి పూటపూటకీ పాలలో నల్లమందు రంగరించి పోస్తోందని బయటపడేసరికి, తల్లి కళ్ళు తెరవడమే గగనమైంది.

మూడోసారి గవరమ్మ వచ్చింది. ఆమె మాట కరుకు, నడక చురుకు. గడపలో నిలబడి ముందు ఆమే ప్రశ్న వేసింది.

"ఆచారిగారూ, మీ అమ్మగారికి ఏమంటే ఇష్టమండీ?"

ఆచారి తడబడ్డాడు. "నీకెందుకు?" అన్నాడు. గవరమ్మ ఆయన వంక అదోలా చూసి లోపలికి వెళ్ళింది.

ఆ సాయంత్రం ఆచారి ఇంటికి రాగానే చాప ఎత్తి చూశాడు. ఉంగరం లేదు. గవరమ్మ ఏమీ చెప్పలేదు. ఆయనా అడగలేదు.

మర్నాడు సాయంత్రం చాప ఎత్తి, పాత సామాన్ల పెట్టె కూడా తెరిచాడు. తండ్రినాటి పాత గీటురాయి లేదు. ఆ మర్నాడు మళ్ళీ చూస్తే, తన పసితనపు వెండి మొలతాడు కూడా లేదు.

"దొరికింది దొంగ!" అనుకున్నాడు ఆచారి. నిజం చెప్పాలంటే ఆయనకు లోలోపల సంతోషమే అయింది. అనుమానం నిజమైతే అనుమానపు మనిషికి పండుగ కదా!

మర్నాడు ఖజానాకని బయలుదేరి, మధ్యాహ్నానికే పిల్లిలా వెనక్కి వచ్చి కిటికీ పక్కన నక్కాడు.

లోపల పేరిందేవమ్మ కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది. ముందు గీటురాయి, చేతిలో ఉంగరం, ఒడిలో మొలతాడు. పూర్వం భర్త పక్కన కూర్చుని చూసినట్టే, ఉంగరాన్ని రాయి మీద గీసి, గీటును వెలుగులోకి పట్టి చూస్తోంది.

"మేలిమే. కల్తీ లేదు" అంది.

"మీరు చూస్తే తిరుగేముందమ్మా" అంటూ గవరమ్మ ఒక పెరుగన్నం ముద్ద అందించింది. పేరిందేవమ్మ తినేసింది. మళ్ళీ గీసింది, మళ్ళీ తిన్నది.

తల్లి అన్నం తింటోంది! ఆ సంగతి ఆచారి కళ్ళకు తెలిసింది గాని బుద్ధికి తెలియలేదు. "దొంగా! పట్టుకున్నాను!" అని తలుపు తోసుకుని లోపలికి దూకాడు.

పేరిందేవమ్మ కెవ్వుమంది. అన్నం గిన్నె బోర్లాపడింది. ఆమె మొలతాడు గుండెకు అదుముకుని, "మావాడి మొలతాడు కోసం వచ్చాడే! నేనివ్వను, ఇవ్వను!" అని గవరమ్మ వెనక దాక్కుంది.

గవరమ్మ ఆమె వీపు నిమిరి, నెమ్మదిపరచి, అప్పుడు ఆచారి వైపు తిరిగింది.

"ఉంగరం ఎరేనని మొదటిరోజే తెలిసిందండీ. అమ్మగారు దాన్ని చూసి చెయ్యి చాచారు, ఇచ్చాను. రాయి ఉన్నచోటు, మొలతాడు ఉన్నచోటు ఆవిడే చూపించారు. పొద్దు వాలితే అన్నీ ఆవిడే కొంగున మూటగట్టుకుంటారు. ఇంట్లోంచి గడప దాటిందేమీ లేదు."

"మరి నాతో చెప్పలేదేం?"

"మీరు అడిగారా? మీరు నన్ను పరీక్షించారు, నేనూ మిమ్మల్ని పరీక్షించాను. అటుమొన్న, మొన్న, నిన్న, మూడు సాయంత్రాలూ చూశాను. ఇంటికి రాగానే చాప ఎత్తారు. అమ్మ తిన్నదా అని ఒక్కనాడైనా అడిగారా?"

ఆచారి ఎన్ని దొంగ నగలు పట్టుకున్నవాడు! ఈనాడు గీటు తన మీద పడింది. అది మేలిమి పసుపుగా రాలేదు.

గవరమ్మ గొంతు కాస్త మెత్తబడింది. "మీ కళ్ళు చూసుకున్నారా? చింతనిప్పుల్లా ఉన్నాయి. కంటినిండా నిద్రపోయి ఎన్నాళ్ళయిందో! నిద్రలేని కంటికి తాడు కూడా పామే. పల్లకీనైనా ఒక్కడు మోయలేడండీ. పక్కింటి వాళ్ళు అమ్మగారి దగ్గర కాసేపు కూర్చుంటామని వస్తే, ఎందుకొచ్చారని తలుపేశారట."

ఆచారి వెళ్ళి అరుగు మీద కూలబడ్డాడు. తల పట్టుకుని ఆలోచించాడు. 'ఇన్నేళ్ళుగా నా దగ్గరకు బంగారం వస్తోంది. ఏ బంగారమైనా "నేను బంగారాన్ని, నన్ను నమ్ము" అని అరిచిందా? రాయి మీద ఊరకే ఉంటుంది. గీయనిస్తుంది. నేనేమో నీ కొడుకును, నీ కొడుకును అని అమ్మ మీద అరుస్తూనే ఉన్నాను.'

లేచి కాళ్ళు కడుక్కుని, తలుపు మెల్లగా తట్టి లోపలికి వెళ్ళాడు. తల్లికి దూరంగా, నేల మీద కూర్చున్నాడు. తన వేలి ఉంగరం తీసి ముందుకు జరిపాడు.

"అమ్మా, నమస్కారం. ఇది కాస్త చూసి పెడతారా?"

పేరిందేవమ్మ అనుమానంగానే తీసుకుంది. గీసింది. వెలుగులో పట్టింది. "ఇది మా ఆయన చేతి పని. నీకెక్కడిది?"

"ఆయనే ఇచ్చారమ్మా."

"అయితే మనవాడివే" అంది ఆమె. "అన్నం తిన్నావా?"

"మీరు తింటే తింటానమ్మా."

గవరమ్మ మళ్ళీ అన్నం కలిపి గిన్నె ఆయన చేతికిచ్చి, తాను వెనక్కి తప్పుకుంది. ఆచారి ముద్ద అందించాడు. పేరిందేవమ్మ ఆ ముద్ద వంక చూసింది, ఆయన వంక చూసింది, నోరు తెరిచింది. ఎన్నాళ్ళకో కొడుకు చేతి అన్నం తిన్నది.

"నాయనా, నీకు అమ్మ ఉందా?"

"ఉందమ్మా."

"బాగా చూసుకుంటావా?"

"నేర్చుకుంటున్నానమ్మా" అన్నాడు ఆచారి. ఆయన కళ్ళ నుంచి నీళ్ళు బొటబొటా రాలాయి. పేరిందేవమ్మ కొంగుతో వాటిని తుడిచి, గవరమ్మ వైపు తిరిగింది.

"ఈ అబ్బాయి మేలిమే. మావాడు వచ్చేదాకా ఇక్కడే ఉండమను" అంది.

ఆ తర్వాత ఆమె ఆయన్ను కొడుకా అని ఎన్నడూ పిలవలేదు. రోజూ ఆయన కొత్తవాడిలాగే వచ్చేవాడు, రోజూ ఆమె గీసి చూసి మేలిమనే చెప్పేది. రోజూ తినేది కూడా. గవరమ్మ ఆ ఇంట ఉండిపోయింది. పక్కింటి వాళ్ళకు తలుపు తెరుచుకుంది. ఆచారి కంటినిండా నిద్రపోయాడు. పాలలో వేలు ముంచడం మాత్రం మానలేదు లెండి, ఇన్నేళ్ళ అలవాటు ఒక్కనాటితో పోతుందా! కానీ ఇంటికి వచ్చాక చాప ఎత్తి చూడటం మానేశాడు.

కాబట్టి పిల్లలూ, పెద్దలూ, గడపలో అడుగు పెట్టగానే ముందు మనిషి ముఖం చూడండి. చాప కింద ఏముందో తర్వాత చూసుకోవచ్చు.