కౌజు పిట్ట తుమ్మితే

అనగనగా ఒక అడవి. పులులూ సింహాలూ తిరిగే పేద్ద అడవి కాదులెండి, భయపడకండి. తుప్పలూ డొంకలూ ఉన్న చిట్టడవి. అక్కడ బూరుగు చెట్టు పక్కన, గడ్డి దుబ్బు కింద, ఒక కౌజు పిట్ట ఏడు గుడ్లు పొదుగుతోంది. కౌజు కోడిపిల్ల కన్నా కాస్త పెద్దది, కోడి కన్నా బాగా చిన్నది. ఎగరడం కన్నా పరిగెత్తడమే దానికి ఇష్టం. దాని పిల్లలూ అంతే. గుడ్డులోంచి బయటపడ్డ పూటే పరుగందుకుంటాయి.

కానీ గుడ్లు పరిగెత్తలేవు కదా! అదే వచ్చిన చిక్కు.

ఆ పక్కనే ఒక బొరియలో నక్కయ్య, నక్కమ్మ కాపురం ఉండేవారు. ఒక సాయంత్రం నక్కయ్య మూతి పైకెత్తి వాసన పట్టాడు.

"ఏమేవ్! దుబ్బు కింద గుడ్లున్నాయి. రేపు పొద్దున మనకు ఫలహారం అవే!" అన్నాడు.

ఆ మాట కౌజు చెవిన పడింది. గుడ్లు పగలడానికి ఇంకా మూడు రోజులుంది.

చెట్టు మీది ఉడుత జాలిపడింది. "ఎగిరిపో తల్లీ! నువ్వు బతికుంటే వచ్చే ఏడు మళ్ళీ పెట్టుకోవచ్చు" అంది.

"వచ్చే ఏడు పెట్టేవి వేరే గుడ్లు అక్కా. ఇవి కావుగా?" అంది కౌజు. అది దుబ్బు వదల్లేదు.

వదలకపోతే ఏం చేస్తుంది? నక్కతో పోట్లాడుతుందా? దాని ముక్కెంత, నక్క కోరలెంత! అందుకే కౌజు కూర్చుని ఆలోచించింది. నక్కయ్యకు శకునాల పిచ్చి అని అడవంతా తెలుసు. గడప దాటితే కుడికాలు ముందు పెట్టాలంటాడు. నాలుగు కాళ్ళున్నవాడికి కుడికాళ్ళు రెండు కదా! అందులో ఏది ముందో తేల్చుకునేసరికి రోజూ ఎండెక్కేది. నవ్వకండి, నిజమే చెబుతున్నాను.

మర్నాడు పొద్దున నక్కయ్య కాళ్ళ సంగతి తేల్చుకుని బయల్దేరాడు. పది అడుగులు వేశాడో లేదో, దుబ్బులోంచి "హాచ్చ్!" అని వినిపించింది.

నక్కయ్య ఉన్నచోటే బిగుసుకుపోయాడు. "బయల్దేరగానే తుమ్మా!" అని వెనక్కి తిరిగి బొరియలోకి దూరాడు.

"కాసేపు కూర్చుని, కాసిని మంచినీళ్ళు తాగి వెళ్ళండి. ఎవరైనా అదేగా చేసేది?" అంది నక్కమ్మ.

నక్కయ్య వాగు దాకా వెళ్ళి నీళ్ళు తాగి, కూర్చుని, లేచి, ఎండ వంక చూశాడు. "ఇప్పుడు వర్జ్యం వచ్చింది. రేపు చూద్దాంలే" అన్నాడు.

రెండో రోజు వచ్చింది. ఈసారి కౌజు దుబ్బులోంచి మెడ చాచి, ఎంతో మర్యాదగా పలకరించింది.

"అన్నయ్యగారూ, పొద్దున్నే ఎక్కడికండీ?"

నక్కయ్య నెత్తి కొట్టుకున్నాడు. "బయల్దేరినవాణ్ణి ఎక్కడికి అని అడుగుతారా ఎవరైనా? ఇంక ఆ పని అయినట్టే!"

"అయ్యయ్యో! నా నోరు పడిపోను! ఎంత పొరపాటు చేశాను! ఈ పూటకు ఇంటికెళ్ళి పడుకోండి అన్నయ్యగారూ. మీకేమైనా అయితే మా వదిన ఏమైపోవాలి?"

నక్కయ్యకు కళ్ళు చెమర్చాయి. "నీకున్న జ్ఞానంలో సగం మా ఇంటిదానికి లేదమ్మా" అని మెచ్చుకుని, ఖాళీ కడుపుతో ఇంటికి నడిచాడు. తినబోయే గుడ్ల తల్లికి దణ్ణం కూడా పెట్టి వెళ్ళాడు!

నక్కమ్మకు ఒళ్ళు మండిపోయింది. రెండు రోజుల పస్తు మరి. "రేపు నేనూ వస్తాను. ఆ పిట్ట ఎలా తుమ్ముతుందో చూస్తాను" అంది.

మూడో రోజు పొద్దున నక్కమ్మ మొగుడి చెవుల రెండింట్లోనూ ఆకులు కుక్కి, పైన మట్టి మెత్తింది. "ఇక పదండి" అని తోసింది. నక్కయ్యకు ఆ మాట కూడా వినపడలేదు, తోపుడుకే నడిచాడు.

కౌజు తుమ్మింది. నక్కయ్య ఆగలేదు. మళ్ళీ తుమ్మింది. ఆగలేదు. గొంతు చించుకుని "ఎక్కడికండీ?" అని అరిచింది.

"నీ గుడ్లు తినడానికే! తెలిసిందా?" అంది నక్కమ్మ.

సరిగ్గా అప్పుడే కౌజు పొట్ట కింద ఒక గుడ్డు టిక్కుమని చిట్లింది. ఇంకొక్క పూట గడిస్తే చాలు పిల్లలు దక్కుతాయి. ఆ ఒక్క పూటే లేదు. ఏడుపొచ్చింది. కానీ ఏడుస్తూనే చుట్టూ చూసింది.

దుబ్బు ముందు బూరుగు కాయలు రాలి పగిలి ఉన్నాయి. వాటినిండా తెల్లటి దూది. కౌజు ఒక్క ఉదుటున దూకి, రెండు కాళ్ళతో ఆ దూదిని బరబరా గీకింది. రెక్కలతో టపటపా విసిరింది. దూదంతా లేచి వెళ్ళి నక్కమ్మ ముక్కులోకి దూరింది.

"హాచ్చ్! హాచ్చ్! హా...చ్చ్!"

నక్కమ్మ తల నుంచి తోక దాకా ఊగిపోయింది. నక్కయ్య చెవులకు వినపడకపోతేనేం, కళ్ళు బాగానే ఉన్నాయిగా! ఆయన అక్కడికక్కడే చతికిలబడ్డాడు.

"తుమ్మావు! నా పెళ్ళానివి అయ్యుండి నువ్వే తుమ్మావు!"

"అది దూదికొచ్చిన తుమ్మండీ!" అని అరిచింది నక్కమ్మ.

"ఏమిటీ?"

"దూది! దూది!"

"పద పద, ఇంటికి పద!"

తన చేత్తో తనే మూసిన చెవులాయె, ఏం వినిపిస్తాయి? నక్కమ్మ గుడ్ల వైపు దూకబోతే, నక్కయ్య ఆమె తోక పళ్ళతో గట్టిగా పట్టుకుని బరబరా ఈడ్చుకుపోయాడు. నక్క తోక తొక్కితే అదృష్టమంటారు. పట్టుకున్న నక్కయ్యకు మాత్రం మూడో పస్తు దక్కింది.

నక్కమ్మ మొగుడి చెవుల్లో మట్టి తీసి, అతనితో పోట్లాడి, మళ్ళీ లాక్కొచ్చేసరికి సాయంత్రమైంది. దుబ్బు కింద ఏడు గుడ్ల పెంకులున్నాయి. వాగు అవతల గడ్డిలో కౌజు ముందు నడుస్తోంది, దాని వెనక ఏడు పిల్లలు తుర్రు తుర్రుమని పరిగెడుతున్నాయి. చూసిన ఉడుత సంతోషం పట్టలేక కొమ్మ మీద గెంతింది.

నక్కయ్య పెంకులు వాసన చూసి తలాడించాడు. "చూశావా? తుమ్మితే పని కాదని చెప్పానా లేదా? నా మాట ఎప్పుడైనా తప్పిందా?" అన్నాడు గర్వంగా.

నక్కమ్మ పెంకులు నాకుతూ కూర్చుంది.

నీతి: ప్రాణం మీదికి వచ్చినా బుద్ధి వదలని చిన్నవాళ్ళు పెద్దవాళ్ళను గెలుస్తారు, బుద్ధిని తుమ్ములకు అప్పగించిన పెద్దవాళ్ళకు నోటిదాకా వచ్చిన కూడు కూడా దక్కదు.