గోరింక నిలబెట్టిన స్వరం

గుమ్మడివాగు అడవిలో కోయిల, గోరింక, గువ్వ, జెముడుకాకి ఇరుగుపొరుగున ఉండేవి. జెముడుకాకి అందరిలోకీ పెద్దది. దాని గొంతు కుండలోంచి వచ్చినట్టు లోతుగా ఉండేది.

ఆ ఏడు అడవి మీద మిడతల దండు పడింది. రోజుకో చెట్టు మోడవుతోంది. మిడతలను తినే కొంగలు ఏటా మూడు గుంపులుగా ఆ దారినే వెళ్తాయి. కోయిల పాడే పాత పాట వినిపిస్తే గుర్తుపట్టి దిగుతాయి. కానీ ఈసారి మంచు దట్టంగా కమ్మింది. కోయిల పాట పైదాకా అందలేదు. మొదటి గుంపు దాటిపోయింది.

"నలుగురం కలిసి పాడదాం," అంది జెముడుకాకి. "పాట కోయిలదే. అందులో ఒక్క స్వరం కూడా మారకూడదు. అడుగున నేనుంటాను. గువ్వా, గోరింకా, మీరిద్దరూ మా మధ్యలో పాడండి."

పొద్దున్నే సాధన మొదలుపెట్టాయి. కోయిల పైకి వెళ్తే జెముడుకాకి కిందికి దిగేది. గువ్వ ఒక్కో మెట్టు కదిలేది. గోరింకకు మాత్రం వరసగా నాలుగు చోట్ల ఒకే స్వరం వచ్చింది.

"మామా, ఇంత మంచి గొంతు పెట్టుకుని ఒకే స్వరం పట్టుకుని కూర్చోవాలా?" అంది గోరింక.

"ఆ స్వరం నాలుగు చోట్లా కుదురుతోంది. కుదిరినదాన్ని వదిలి దూకడం దేనికి?" అంది జెముడుకాకి.

మధ్యాహ్నం రెండో గుంపు వచ్చింది. నాలుగూ పాట ఎత్తుకున్నాయి. సగంలో గోరింక ఆగలేక కోయిల కంటే పైకి దూకింది. అసలు పాట ఏదో కొంగలకు తెలియలేదు. రెండు చుట్లు తిరిగి వెళ్లిపోయాయి.

ఆ సాయంత్రం మిడతలు గోరింక ఉండే మేడిచెట్టు మీద పడ్డాయి. తెల్లారేసరికి ఆకు లేదు, కాయ లేదు. గోరింక ఆకలితో మిగతావాటి దగ్గరికి వచ్చింది.

"నా పాట చెడగొట్టింది. దీన్ని రానివ్వొద్దు," అంది కోయిల.

"ఇంకొక్క గుంపే మిగిలింది. దీని స్వరం లేకపోతే మధ్యలో వెలితిగా ఉంటుంది. మళ్లీ మొదటినుంచి పాడదాం," అంది జెముడుకాకి.

"ఈసారి కదలను మామా," అంది గోరింక.

గొంతులు బొంగురుపోయేదాకా సాధన చేశాయి. చివరి గుంపు రాగానే పాట ఎత్తుకున్నాయి. గోరింక తన స్వరం మీద నిలబడింది. కింద జెముడుకాకి స్వరం మారిన ప్రతిసారీ, గోరింక పాడే అదే స్వరం కొత్తగా వినిపించింది. అప్పటిదాకా గోరింక పక్కవాళ్ల గొంతులు వినలేదు. ఇప్పుడు విన్నది. ఇక దూకాలనిపించలేదు.

మంచులోంచి రెక్కల చప్పుడు వచ్చింది. కొంగలు ఒక్కొక్కటే దిగాయి. మూడు రోజుల్లో మిడతలు లేకుండా చేశాయి. మిగిలిన చెట్లు బతికాయి. గోరింక మేడిచెట్టు మాత్రం ఆ ఏడు మళ్లీ కాయలేదు. గోరింక జెముడుకాకి పొదలోని పండ్లు తిని రోజులు గడిపింది.

నీతి: నలుగురూ కలిసి చేసే పనిలో తన చోట తాను గట్టిగా నిలబడటమే గొప్పతనం.