తడపని ఇటుక

తవిటయ్య కట్టిన గోడ మూడోసారి కూడా చేతికి ఊడి వచ్చేసింది.

నాగావళి ఒడ్డున ఆశ్రమం, దానికో వంటపాక, ఆ పాకకు నడుమెత్తు గోడ. అంతకన్నా పెద్ద పనేం కాదు. సిమెంటు తక్కువ వెయ్యలేదు, ఇసుక జల్లించే వేశాడు. అయినా పై వరుస ఇటుక పట్టుకుంటే చాలు, లేచి వస్తోంది. కింద సిమెంటు పిండిలా రాలిపోతోంది.

ఆ పొద్దుటే వాళ్లక్క అసిరమ్మ వచ్చింది. తల్లి పోయాక తవిటయ్యను చంకనేసుకుని పెంచింది ఆవిడే. మూడేళ్లయింది చూసి. ఒక్కసారి కళ్లారా చూసి మధ్యాహ్నం బస్సుకు వెళ్లిపోతానంది. "సన్యాసం తీసుకోబోయేవాడికి అక్కేమిటి? రానని చెప్పండి" అని కబురంపాడు తమ్ముడు. వైరాగ్యం కొత్తలో కాస్త ఎక్కువే ఉంటుంది లెండి. ఆవిడ వెళ్లలేదు, అరుగు మీదే కూర్చుంది.

పెద్దస్వామి వచ్చి గోడ చూశారు.

"ఇటుకలు తడిపావా నాయనా?"

"లేదు స్వామీ. నీళ్లు తాగితే మెత్తబడవూ? పొడిగా ఉంటేనే గట్టని..."

స్వామి ఒక ఇటుక తీసి తొట్టిలో వదిలారు. బుడబుడమంటూ బుడగలు లేచాయి. అవి ఆగేదాకా ఇద్దరూ అలాగే చూస్తూ నిలబడ్డారు.

"ఎంత దాహంతో ఉందో పాపం" అన్నారు స్వామి. "దీన్ని ఎండుగా పెడితే సిమెంటులో తడంతా పీల్చేస్తుంది. తడి లేకపోతే సిమెంటు గట్టిపడదు. ఇక దేన్నీ పట్టుకోదు."

తవిటయ్య తల దించుకున్నాడు. స్వామి అతని చేతిలోంచి తాపీ తీసుకున్నారు.

"నేను కడుతుంటాను. నువ్వు వెళ్లు."

ఎక్కడికని తవిటయ్య అడగలేదు.

తమ్ముణ్ని చూడగానే అసిరమ్మ లేచి నిలబడింది. దగ్గరికి రావచ్చో లేదో తెలియక అక్కడే ఆగిపోయింది. "ఎంత చిక్కిపోనావురా" అని మాత్రం అంది.

ఎన్నో శ్లోకాలు నేర్చినవాడు, ఒక్కటీ నోటికి రాలేదు. వెళ్లి ఆవిడ పక్కన అరుగు మీద కూర్చున్నాడు.

"అక్కా, ఆకలేస్తోంది" అన్నాడు.