పరామర్శకు వెళ్ళిన పదో తరగతి

ఎవరు ఏది అడిగినా వెంటనే జవాబు చెప్పే అలవాటు అవధానయ్య గారికి లేదు. ఉత్తరీయం సర్దుకుని వేరే పనిలో పడేవారు. అడిగినవాడు కాచుకుని ఉండవలసిందే. ఆయన నడిపే బడిలో పదో తరగతి పిల్లలకు లెక్కలతో పాటు వంట, కుట్టు, రోగికి సేవ చెయ్యడం, నలుగురిలో మెలగడం కూడా పాఠాలే. వాటిని చెప్పే బాధ్యత శిష్యుడు పురుషోత్తానిది. మంచివాడే గాని, తప్పంటే వాడికి పాము కనిపించినంత భయం.

ఒక సాయంత్రం వాడు గురువును అడిగాడు. "రేపు లోకంలో పడ్డాక ఈ పిల్లలు ఏ తప్పూ చెయ్యకుండా ఉండాలంటే, ఇంకా ఏం నేర్పాలండీ?"

అవధానయ్య గారు విన్నారు. విని, మొక్కలకు నీళ్ళు పొయ్యడానికి లేచి వెళ్ళిపోయారు.

ఆ వారంలోనే, బడికి వచ్చి పిల్లలకు కుట్టు నేర్పే దర్జీ ఈరయ్య కన్నుమూశాడు. పిల్లాజెల్లా లేని ఇల్లు. భార్య సూరమ్మ ఒక్కతే మిగిలింది. శవం లేచిన దగ్గర్నుంచి ఆమె ఏడవలేదు, మెతుకు ముట్టలేదు, పలకరిస్తే పలకలేదు. ఇలాగే ఉంటే ఈవిడా దక్కదని ఇరుగుపొరుగు హడలిపోతున్నారు. పిల్లలను పరామర్శకు తీసుకువెళ్దామని గురువుగారు తానే బయలుదేరారు.

మొక్కై వంగనిది మానై వంగునా అని నమ్మినవాడు కదా పురుషోత్తం, దారి పొడవునా నియమాలు వల్లె వేయించాడు. చావు ఎలా వచ్చిందని అడగకూడదు. గట్టిగా మాట్లాడకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, చావింటి నుంచి లేచేటప్పుడు 'వెళ్ళొస్తాం' అనకూడదు. అలాంటి ఇంటికి మళ్ళీ రావలసిన గతి పట్టాలని ఎవరు కోరుకుంటారు? మాట్లాడకుండా లేచి రావాలి, అంతే.

పిల్లలు బుద్ధిగా కూర్చున్నారు. సూరమ్మ గోడకు ఆనుకుని, మూలనున్న కుట్టు మిషను వైపు చూస్తూ ఉండిపోయింది. కాసేపటికి అందరూ లేచారు. పైడితల్లి అనే పిల్ల మాత్రం ఆమె చెయ్యి పట్టుకుని, అలవాటు కొద్దీ అనేసింది: "ఎల్లొస్తాం మామ్మా."

అరుగు మీది ఆడవాళ్ళు చటుక్కున తలలు తిప్పారు. పురుషోత్తానికి తల కొట్టేసినట్టయింది. పైడితల్లి నాలిక కరుచుకుని చెయ్యి వెనక్కి లాక్కోబోయింది. సూరమ్మ వదలలేదు.

"పొద్దుట్నుంచీ వొచ్చినోలందరూ తలొంచుకుని ఎల్లిపోతన్నారు," అంది. "మల్లీ వొత్తామన్న నోరు ఒక్కటీ నేదు. నిజంగా వొత్తావా, తల్లీ?"

"వొస్తాను మామ్మా. రేపొస్తాను."

అప్పుడు సూరమ్మకు ఏడుపు వచ్చింది. ఆ పిల్ల భుజం మీద తల పెట్టుకుని, ఊరంతా వినిపించేలా ఏడ్చింది. అంతవరకూ ముఖం చిట్లించిన పొరుగావిడే లేచి గంజి కలిపి తెచ్చింది. సూరమ్మ రెండు గుక్కలు తాగింది.

తిరుగు దారిలో పురుషోత్తం మనసు మనసులో లేదు. ఆ ఏడుపు వాడినీ కదిలించింది. నియమం తప్పిన మాట మాత్రం ముల్లులా గుచ్చుతూనే ఉంది.

"అంత చెప్పినా మరిచిపోయిందండీ. రేపు కూర్చోబెట్టి ఆ పాఠం మళ్ళీ చెప్పమంటారా?"

అవధానయ్య గారు ఉత్తరీయం సర్దుకుని కొంత దూరం నడిచారు.

"రేపు దానికి తీరిక ఉండదు, మాటిచ్చిన ఇంటికి వెళ్ళాలి," అన్నారు. "నువ్వూ వెళ్ళు పురుషోత్తం. దాని వెనకాల నడువు."