మహ్రుఖ్‌కు గీసిన రెండు బొమ్మలు

ఇస్ఫహాన్ నగరంలో ఉస్తాద్ హాతిమ్ అనే చిత్రకారుడు ఉండేవాడు. కాగితానికి ఒక్క మనిషినే గీయడం ఆయన అలవాటు. చుట్టూ వదిలిన వెడల్పాటి అంచును బంగారు తీగెలతో, పువ్వులతో నింపే పని శిష్యుడు యూనుస్‌ది. ఆ పనిలోనే యూనుస్‌కు గడ్డం నెరవడం మొదలైంది.

ఆ సంవత్సరం గుర్రాల వర్తకుడు ఇల్యాస్ కందహార్ దారిలో జ్వరమొచ్చి పోయాడు. అతని భార్య మహ్రుఖ్ నలుగురిలోకి రావడం మానేసింది. భర్త బొమ్మ ఒకటి కావాలని మాత్రం కబురు పంపింది. ఇల్యాస్ హాతిమ్‌కు స్నేహితుడు. కళ్ళలో మెదిలే రూపాన్నే ఆయన కాగితం మీద పెట్టాడు. తివాచీ మీద మోకాలు ముడుచుకుని, చేతిలో గిన్నెతో, తల కాస్త పక్కకు తిప్పి కూర్చున్న మనిషి. ఆ పక్కన ఏమీ లేదు.

యూనుస్ మనసు చివుక్కుమంది. "ఉస్తాద్, చుట్టూ ఇంత తోట పూయించి, మధ్యలో మనిషిని ఇలా ఒంటరిగా వదిలేస్తారెందుకు? చూసేవాళ్ళకు దుఃఖం కలగదా?"

హాతిమ్ వాదించలేదు. "నీకు తోచినట్టు ఇంకొకటి గియ్యి. రెండూ తీసుకెళదాం" అన్నాడు.

యూనుస్ ప్రాణం పెట్టి గీశాడు. అదే ఇల్యాస్, అదే తివాచీ. పక్కనే పడుచు వయసు మహ్రుఖ్, భర్త గిన్నెలో షర్బత్ పోస్తూ.

మహ్రుఖ్ ముందుగా ఆ బొమ్మనే అందుకుంది. చాలాసేపు చూసింది. "బాగుంది నాయనా. ఇద్దరూ సుఖంగా ఉన్నారు" అని మర్యాదగా పక్కన పెట్టింది.

రెండో బొమ్మను ఒళ్ళోకి తీసుకుంది. ముసుగు చెంగుతో కళ్ళు ఒత్తుకుంది. బొమ్మను గోడకు ఆనించి, తను జరిగి జరిగి దాని ఎదుట కూర్చుంది. "ఎంత చిక్కిపోయావు! దారిలో తిండైనా సరిగా తిన్నావా?" అని మెల్లగా మందలించింది. ఆపైన ఏవో ఇంటి సంగతులు చెప్పసాగింది. గదిలో ఇంకా ఇద్దరున్నారన్న సంగతే మరచిపోయింది. గురుశిష్యులు చప్పుడు చేయకుండా బయటికొచ్చారు.

వీధి మలుపు దాకా యూనుస్ తలెత్తలేదు. "నేను గీసింది తప్పా, ఉస్తాద్?"

హాతిమ్ అతని భుజం మీద చెయ్యి వేశాడు.

"తప్పేముంది, ఎంతో ప్రేమగా గీశావు. కానీ పాపం, ఆవిడ వచ్చేసరికి ఆయన పక్కన ఎవరో కూర్చుని ఉన్నారు."